వీపీఎన్ పెట్టుకోవడం ఎట్టా: ఫోన్లో, లాప్‌టాప్‌లో, టీవీలో, ఆఖరికి మిర్చి యార్డు కొట్టులో

మా చుట్టాల్లో ఎవరికి నెట్ ఆగిపోయినా ఫోన్ నాకే వస్తది. నేను చేసేది టెస్టింగ్ ఉద్యోగం, అదీ గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లో కూర్చుని, నెట్‌వర్కింగ్ నా సబ్జెక్ట్ కూడా కాదు, అయినా "నువ్వు కంప్యూటరోడివి కదరా" అనేసి పెట్టేస్తారు. ఈమధ్య వచ్చే ఫోన్లలో సగం వీపీఎన్ గురించే. పిన్నికి స్టేషన్ వైఫైలో భయం లేకుండా ఫోన్ వాడుకోవాలి, బావకి రాత్రిపూట ఇంటి నుంచి కొట్టులో టాలీ (లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్) చూసుకోవాలి, డాలస్‌లో ఉన్న అక్కకి ఇండియా సైటు ఏదో తెరుచుకోవట్లా. ముగ్గురూ అడిగేది వీపీఎనే, కానీ ముగ్గురికీ కావాల్సింది ఒకటి కాదు. అందుకని ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా, ఇకనుంచి ఎవరడిగినా ఇదే పంపిస్తా.

వీపీఎన్ అంటే ఒక గొట్టం అనుకోండి. మీ ఫోన్ దగ్గర మొదలై ఇంకెక్కడో ఉన్న కంప్యూటర్ (దాన్నే సర్వర్ అంటారు) దగ్గర తేలుద్ది, మధ్యలో ఎవరూ తొంగి చూడకుండా తాళం వేసి ఉంటది. కాబట్టి మీ వైఫై ఓనరుకి, మీ నెట్ కంపెనీకి లోపల ఏం పోతుందో తెలీదు. కానీ గొట్టం అవతలి కొసన కూర్చున్నోడికి మీరు ఏ సైటుకి పోతున్నారో మొత్తం కనపడుద్ది. అంటే మీరు నమ్మకాన్ని ఒకడి దగ్గర్నుంచి తీసి ఇంకొకడి చేతిలో పెడుతున్నారు, అంతే జరిగేది. యాప్ ఏది, బటన్ ఎక్కడ అనేది తర్వాత, ముందు అవతలి కొస ఎవరి చేతిలో ఉండాలో తేల్చుకోండి. ఆఫీసు చేతిలోనా, డబ్బులు తీసుకునే కంపెనీ చేతిలోనా, మీ చేతిలోనేనా.

ఆఫీసుదైతే మీరు చేసేదేం లేదు, వాళ్ళ ఐటీ వాళ్ళు ఇచ్చిన యాప్ వేసుకుని వాళ్ళు చెప్పిన సర్వర్ పేరు కొట్టి లాగిన్ అవ్వడమే, సొంత తెలివితేటలు చూపించొద్దు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అది ఆన్‌లో ఉన్నప్పుడు మీరు చూసేవన్నీ ఆఫీసు గుండా పోయే అవకాశం ఉంది, కాబట్టి లంచ్ టైములో ఆ లాప్‌టాప్‌లో సంబంధాలు చూసుకోవడం లాంటివి వద్దు.

ఇక ఫ్రీ యాప్‌లు. ప్లే స్టోర్‌లో వీపీఎన్ అని కొడితే దండిగా వస్తాయి, తాళం బొమ్మ, డాలు బొమ్మ, కోట్లలో డౌన్‌లోడ్లు. సర్వర్ ఊరికే నడవదు కదా, మీ దగ్గర డబ్బులు తీసుకోనోడు ఇంకెక్కడో తీసుకుంటాడు. ఊరూ పేరూ లేని కంపెనీలనే అనుకోవద్దు, ఒనావో అనే ఫ్రీ వీపీఎన్‌ని ఫేస్‌బుక్ 2013లో కొనుక్కుని జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో దాని ద్వారానే లెక్కలు చూసుకుంది, 2018లో ఆపిల్ దాన్ని యాప్ స్టోర్ నుంచి తీయించింది, 2019లో అది పూర్తిగా మూతపడింది. ఫ్రీగానే కావాలంటే డబ్బులు కట్టే కస్టమర్లు విడిగా ఉన్న కంపెనీ ఇచ్చే ఫ్రీ ప్లాన్ తీసుకోండి, ప్రోటాన్ వాళ్ళది అట్టాంటిదే, స్పీడు, దేశాలు తక్కువ ఉంటాయి కానీ స్టేషన్ వైఫైకి అది చాలు.

ఇది తప్పా అని పిన్ని అడిగింది, పోలీసులొస్తారా అని. మామూలుగా మన దేశంలో వీపీఎన్ వాడటం నేరం కాదు, దాంతో చేసే పని నేరమైతే అది ఎట్టాగూ నేరమే. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ ఒక ఆర్డర్ ఇచ్చింది, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ పేరు, అడ్రస్, ఇచ్చిన ఐపీ (నెట్‌లో మీ అడ్రస్ లాంటి నంబర్) లాంటి వివరాలు 5 ఏళ్ళు దాచిపెట్టాలి అని. అది కంపెనీల మీద పెట్టిన రూలు, మీ మీద కాదు. మేం లాగ్స్ (ఎవరు ఏం చేశారనే రికార్డులు) దాచం అని చెప్పుకునే ఎక్స్‌ప్రెస్, నార్డ్, సర్ఫ్‌షార్క్ లాంటోళ్ళు అప్పుడే ఇండియాలో ఉన్న సర్వర్లు తీసేశారు, అందుకే వాటిల్లో ఇండియా అని నొక్కితే ఐపీ ఇండియాదే కనపడినా మెషిన్ మాత్రం బయటి దేశంలో ఉంటది.

సెట్టింగులకొద్దాం. ఎక్కడ చూసినా ఐదు పేర్లు కనపడతాయి, అవన్నీ గొట్టం కట్టే పద్ధతులు. పీపీటీపీ కనపడితే వదిలేయండి, దాని తాళం 2012లోనే పగిలిపోయింది, ఆపిల్ వాళ్ళు 2016లో తీసేశారు. ఎల్2టీపీ పాతబడింది, ఆండ్రాయిడ్ 12 నుంచి కొత్తగా పెట్టుకోనివ్వట్లా. ఐకేఈవీ2 బానే ఉంటది, యాప్ లేకుండా ఫోన్ సెట్టింగుల్లోనే పెట్టుకోవచ్చు. ఓపెన్‌వీపీఎన్ ముసలిదైనా గట్టిది. నేను మాత్రం ఛాయిస్ ఉంటే వైర్‌గార్డే వాడతా, చిన్నది, స్పీడు, వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా తెగిపోదు.

పిన్ని ఫోన్ ఆండ్రాయిడ్, దాంతో మొదలుపెడతా. కంపెనీ ప్లాన్ అయితే వాళ్ళ యాప్ వేసి కనెక్ట్ నొక్కడమే, మొదటిసారి ఫోన్ ఒక పర్మిషన్ అడుగుద్ది, ఓకే అంటే పైన చిన్న తాళంచెవి బొమ్మ వచ్చుద్ది. వైర్‌గార్డ్ యాప్ అయితే కింద ప్లస్ గుర్తు నొక్కి క్యూఆర్ స్కాన్ చేయడమో, కాన్ఫిగ్ ఫైల్ (సర్వర్ అడ్రస్, తాళంచెవి ఉండే ఫైలు) ఇంపోర్ట్ చేయడమో చేసి, పక్కన స్విచ్ ఆన్ చేయాలి. ఇది రెండు నిమిషాల పని, అసలు పని ఆ తర్వాత ఉంది, చాలామంది అది చేయకుండానే వదిలేస్తారు. సెట్టింగ్స్‌లో వీపీఎన్ అని వెతికి (శామ్‌సంగ్‌లో కనెక్షన్స్ కింద ఇంకా లోపలికి పోవాలి) ఆ పేరు పక్కన పళ్ళచక్రం గుర్తు నొక్కితే ఆల్వేస్ ఆన్ అని, దాని కింద వీపీఎన్ లేకుండా కనెక్షన్ ఆపేయి అని రెండు స్విచ్‌లు ఉంటాయి. మొదటిది వేయండి. రెండోది వేస్తే గొట్టం తెగినప్పుడు నెట్టే ఆగిపోద్ది, పిన్నిలాంటోళ్ళకి వేస్తే రోజుకి రెండు ఫోన్లొస్తాయి మీకు, అందుకే నేను వేయలా. ఇంకోటి, మన దగ్గర ఎక్కువగా వాడే చైనా బ్రాండ్ ఫోన్లు బ్యాటరీ మిగుల్చుదామని వెనకాల నడిచే యాప్‌లని చంపేస్తాయి, వీపీఎన్ యాప్‌కి బ్యాటరీ సెట్టింగులో నో రిస్ట్రిక్షన్స్ పెట్టి ఆటోస్టార్ట్ ఇవ్వకపోతే జేబులో పెట్టుకున్న పది నిమిషాలకే చచ్చూరుకుంటది.

ఇంత చేసి పంపిస్తే, విజయవాడ స్టేషన్‌లో దిగి వైఫై కలిపి ఫోన్ చేసింది, "ఏం రావట్లేదురా, నీ వీపీఎన్ నా ఫోన్ పాడుచేసింది" అని. జరిగిందేంటంటే అట్టాంటి వైఫైలు ముందు ఒక పేజీ చూపించి నంబర్ కొట్టమని ఓటీపీ అడుగుతాయి, వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఆ పేజీ రాదు, ఆ పేజీ దాటితే గానీ వీపీఎన్‌కి నెట్ రాదు. ముందు వీపీఎన్ ఆపు, ఓటీపీ కొట్టు, నెట్ వచ్చాక మళ్ళీ వేయి. హోటల్లో అయినా అంతే.

కొన్ని బ్యాంకు యాప్‌లు వీపీఎన్ కనపడితే మొరాయిస్తాయి. అప్పుడు మొత్తం ఆపక్కర్లా, వైర్‌గార్డ్ యాప్‌లో టన్నెల్ (మన గొట్టమే) ఎడిట్‌లోకి పోతే ఆల్ అప్లికేషన్స్ అని ఉంటది, అక్కడ ఆ బ్యాంకు యాప్ ఒక్కదాన్ని మినహాయించొచ్చు, అది మాత్రం మామూలు దారిన పోద్ది. కంపెనీ యాప్‌ల్లో దీన్నే స్ప్లిట్ టన్నెలింగ్ అంటారు. అన్నట్టు వీపీఎన్ ఉంది కదా అని ఓటీపీ ఎవడికైనా చెప్తే డబ్బులు పోకుండా ఉండవు, ఈ మాట పిన్నికి నాలుగుసార్లు చెప్పా.

ఐఫోన్‌లో తేలిక, యాప్ వేసి యాడ్ కాన్ఫిగరేషన్‌కి అలో కొట్టి పాస్‌కోడ్ ఇస్తే అయిపోద్ది, తర్వాత చూడాలంటే సెట్టింగ్స్, జనరల్, వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్. యాప్ ఒక్కదాన్ని మినహాయించే సదుపాయం మామూలు వాడకందారుకి ఇవ్వరు. దానికి బదులు వైర్‌గార్డ్‌లో ఆన్ డిమాండ్ అని ఉంటది, ఇంటి వైఫైలో ఉంటే ఆపేయి, వేరే ఏ వైఫై అయినా వేయి అని పెట్టుకోవచ్చు, నాకు అందులో నచ్చింది అదే.

విండోస్ లాప్‌టాప్‌లో వైర్‌గార్డ్ వాళ్ళ సొంత సైటు నుంచి ఇన్‌స్టాల్ చేసుకుని, ఇంపోర్ట్ టన్నెల్ ఫ్రమ్ ఫైల్ అని ఫైల్ చూపించి యాక్టివేట్ నొక్కాలి. యాప్ వద్దు, ఐకేఈవీ2 ఇచ్చారు అంటే సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వీపీఎన్, యాడ్ వీపీఎన్, అక్కడ ప్రొవైడర్ దగ్గర విండోస్ బిల్ట్ ఇన్, సర్వర్ పేరు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్. మ్యాక్‌లో కూడా సిస్టమ్ సెట్టింగ్స్‌లో వీపీఎన్ కింద ఇదే తంతు. లినక్స్ వాళ్ళకి నేను చెప్పేదేముంది, 2020లో వచ్చిన 5.6 కెర్నల్ నుంచి వైర్‌గార్డ్ లోపలే ఉంది.

ఇక్కడ నేను చేసిన వెధవపని ఒకటి చెప్పాలి. నా లాప్‌టాప్‌కి చేసుకున్న కాన్ఫిగ్ ఫైలునే బద్ధకం కొద్దీ అమ్మ ఫోన్లో కూడా వేశా, ఒక్క ఫైలే కదా ఏమవుద్ది అని. రెండూ విడివిడిగా బాగా పనిచేస్తున్నాయి, రెండూ ఒకేసారి ఆన్ చేస్తే మాత్రం నాకు నెట్ అర నిమిషం వచ్చి పోద్ది, మళ్ళీ వచ్చుద్ది, మళ్ళీ పోద్ది, నెట్ కంపెనీ వాడికి రెండుసార్లు ఫోన్ చేసి గొడవపడ్డా కూడా. తప్పు నాదే. వైర్‌గార్డ్ సర్వర్ మనిషిని తాళంచెవితోనే గుర్తుపడుద్ది, ఆ చెవితో ఆఖరున ఎక్కడ్నుంచి పలకరింపు వస్తే జవాబులన్నీ అక్కడికే పంపుద్ది. అమ్మ ఫోన్ పలకరించగానే నా జవాబులు అమ్మకి పోతున్నాయి. అందుకని పరికరానికో ఫైల్, పరికరానికో చెవి, ఇందులో మొహమాటం వద్దు.

పెట్టాక నిజంగా పనిచేస్తుందో లేదో చూడాలి. వైర్‌గార్డ్‌లో స్విచ్ పచ్చగా ఉన్నంత మాత్రాన కలిసినట్టు కాదు, లోపల లేటెస్ట్ హ్యాండ్‌షేక్ (రెండు కొసలూ ఆఖరున పలకరించుకున్నది) అని టైము కనపడాలి, రిసీవ్డ్ దగ్గర సున్నా ఉంటే అవతలోడు పలకట్లేదని అర్థం. ఆ తర్వాత ఐపీలీక్ డాట్ నెట్ లాంటి సైటు వీపీఎన్ లేకుండా ఒకసారి, వేసి ఒకసారి చూడండి, ఐపీ మారాలి, కింద డీఎన్ఎస్ (సైటు పేరు అడిగితే దాని ఐపీ చెప్పేది) దగ్గర మీ నెట్ కంపెనీ పేరు కనపడకూడదు. ఐపీ మారి డీఎన్ఎస్ మారకపోతే మీరు ఏ సైటు పేరు అడుగుతున్నారో నెట్ కంపెనీకి ఇంకా తెలుస్తానే ఉంది. హ్యాండ్‌షేక్ అసలు రాకపోతే ముందు ఫోన్లో డేటూ టైమూ చూడండి, నవ్వొద్దు, పాత లాప్‌టాప్‌లో సెల్ అయిపోయి గడియారం వెనక్కి పోతే సర్వర్ లోపలికి రానివ్వదు. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తిరుగుతానే ఉంటే టన్నెల్ ఎడిట్‌లో ఎంటీయూ (ఒక్కో డేటా ముక్క ఎంత పెద్దది ఉండొచ్చో చెప్పేది) 1280 పెట్టి చూడండి, నాకు చాలాసార్లు దాంతోనే పోయింది.

టీవీ సంగతి. ఆండ్రాయిడ్ టీవీ అయితే ప్లే స్టోర్‌లో యాప్ దొరుకుద్ది, ఫోన్ లాగే. శామ్‌సంగ్, ఎల్‌జీ టీవీల్లో వాళ్ళ సొంత సిస్టమ్ ఉంటది, మామూలు వీపీఎన్ యాప్‌లు చాలావరకు దొరకవు, కాబట్టి వాటికి రూటర్‌లోనే పెట్టాలి. నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బాలో సాధారణంగా ఆ మెనూ ఉండదు, వీపీఎన్ క్లయింట్ ఉన్న రూటర్ కొని ఆ డబ్బా వెనకాల తగిలించుకోవాలి, చవక రూటర్‌లో ప్రాసెసర్ చిన్నది కాబట్టి స్పీడు సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. బయటి దేశం సినిమాల కోసమే అయితే నేను వద్దనే అంటా, ఓటీటీ వాళ్ళు వీపీఎన్ ఐపీల్ని పసిగట్టి ఆపేస్తానే ఉంటారు.

కానీ టీవీని తిరగేసి వాడొచ్చు. అక్కకి డాలస్ నుంచి ఒక సర్కారు సైటు తెరుచుకోవట్లా, ఇండియా ఐపీ ఉంటేనే రానిస్తది. కంపెనీ వీపీఎన్ కొనిపించకుండా నాన్న గదిలో ఉన్న ఆండ్రాయిడ్ టీవీలో టెయిల్‌స్కేల్ అనే యాప్ వేశా. వైర్‌గార్డ్ మీదే కట్టిన యాప్ అది, గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, కీలూ ఫైళ్ళూ అదే చూసుకుంటది, ఇంటి వాడకానికి ఫ్రీ. టీవీలో ఎగ్జిట్ నోడ్‌గా (గొట్టంలోంచి నెట్‌లోకి బయటపడే చోటు) నడుపు అని పెట్టి, బ్రౌజర్‌లో దాని అడ్మిన్ పేజీలోకి పోయి ఆ టీవీ పక్కన చుక్కలు నొక్కి రూట్ సెట్టింగ్స్‌లో ఎగ్జిట్ నోడ్‌కి టిక్ పెట్టాలి, ఈ టిక్ మర్చిపోతే అవతల పేరే కనపడదు. అక్క తన ఫోన్లో అదే యాప్ వేసి ఎగ్జిట్ నోడ్ దగ్గర మా టీవీని ఎంచుకుంటే తన నెట్ మొత్తం బ్రాడీపేట నుంచి బయటికి పోద్ది. స్లోగా ఉంటది మరి, ప్రతి పేజీ గుంటూరొచ్చి డాలస్ పోవాలి. అక్కడ ఆమె చేసే ప్రతిదీ మా ఇంటి ఐపీ పేరు మీద పడుద్ది కాబట్టి సొంతవాళ్ళకి తప్ప ఇట్టా ఇవ్వొద్దు.

ఆఖరిది బావ కొట్టు, నాకు ఎక్కువ రోజులు పట్టింది ఇదే. బావది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు, ఇల్లేమో విజయవాడ పటమటలో. సీజన్‌లో సరుకు దిగే రోజుల్లో గుమాస్తా రాత్రి దాకా టాలీలో ఎంట్రీలు కొడతానే ఉంటాడు, బావ ఇంటికి చేరాక ఏ రైతుకి ఎంత ఇచ్చాం, ఏ పార్టీ దగ్గర ఎంత రావాలి అని చూసుకోవాలి. అంతకుముందు ఎవరో మెకానిక్ వచ్చి రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ (ఒక కంప్యూటర్ స్క్రీన్‌ని దూరం నుంచి వాడుకునేది) కోసం పోర్ట్ 3389 అనే తలుపు తెరుద్దాం అన్నాడంట. అది మాత్రం ఎప్పుడూ చేయొద్దు, ఆ పోర్ట్ తెరిచి ఉన్న కంప్యూటర్ల కోసం దొంగ ప్రోగ్రాములు ఇరవై నాలుగ్గంటలూ నెట్ మొత్తం గాలిస్తానే ఉంటాయి, పాస్‌వర్డ్ దొరికితే టాలీ డేటా మొత్తానికి తాళం వేసి డబ్బులడుగుతారు.

పైగా అది తెరిచినా పనిచేసేది కాదు. రూటర్‌లో వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ రూటర్‌కి ఇచ్చిన నంబర్) చూస్తే 100.72తో మొదలైంది, ఐపీ చూపించే సైటులో వేరేది కనపడింది. ఈ రెండూ వేరువేరుగా ఉండి, రూటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్యలో ఉందంటే నెట్ కంపెనీ చాలామందికి కలిపి ఒకటే బయటి ఐపీ ఇస్తుందని అర్థం. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే డోర్ నంబర్ ఉన్నట్టు, లోపల్నుంచి ఎవరైనా బయటికి పోవచ్చు, బయట్నుంచి వచ్చిన పార్సిల్ ఏ ఫ్లాటుదో వాచ్‌మేన్‌కి తెలీక తిప్పి పంపేస్తాడు. ఇట్టాంటి నెట్‌లో కొట్టు రూటర్‌ని సొంత వీపీఎన్ సర్వర్ చేయడం కుదరదు, డబ్బులు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేకపోతే రెండు వైపుల నుంచీ బయటికొచ్చి మధ్యలో కలుసుకునే టెయిల్‌స్కేల్ లాంటిది వాడాలి. మేం రెండోదే చేశాం (వ్యాపారానికి కాబట్టి పద్ధతిగా డబ్బులు కట్టే ప్లాన్ తీసుకోమన్నా).

కొట్టు కంప్యూటర్‌లో, బావ లాప్‌టాప్‌లో రెండింట్లో యాప్ వేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ చేశా. కొట్టు కంప్యూటర్‌కి ఒక కొత్త నంబర్ వచ్చుద్ది, అది కూడా 100తోనే మొదలవుద్ది, పై దాంతో కలగాపులగం చేసుకోవద్దు. ఇంట్లో లాప్‌టాప్‌లో రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి ఆ నంబర్ కొడితే కొట్టు కంప్యూటర్ స్క్రీన్ వచ్చుద్ది. అవతల విండోస్ ప్రో ఉండాలి, హోమ్ ఎడిషన్ బయట్నుంచి రానివ్వదు, ఇది తెలీక ఒక సాయంత్రం పోయింది నాకు. టాలీ ఫోల్డర్‌ని గొట్టం గుండా షేర్ చేసి ఇంటి లాప్‌టాప్ టాలీలో తెరుద్దాం అని బావ అన్నాడు, నత్తలా నడుస్తది, మధ్యలో లైన్ తెగితే డేటా పాడయ్యే భయం కూడా, అందుకే స్క్రీన్ మాత్రమే తెచ్చుకోవడం మేలు.

మొదటి రాత్రి బాగానే వచ్చింది, రెండో రాత్రి రాలా. గుమాస్తా పోతా పోతా యూజర్ లాగాఫ్ చేశాడు, యాప్ కూడా ఆగిపోయింది. గడియారం పక్కన ఉన్న ఐకాన్ మీద నొక్కితే ప్రిఫరెన్సెస్‌లో రన్ అనటెండెడ్ అని ఉంటది, అది టిక్ పెట్టాలి. మూడో రాత్రి స్లీప్‌లోకి పోయింది, పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ నెవర్ పెట్టాం. నాలుగో రోజు కరెంటు పోయింది, యూపీఎస్ కాసేపు లాగి చేతులెత్తేసింది, కరెంటు వచ్చినా కంప్యూటర్ దానంతటది లేవలా. బయాస్‌లో (విండోస్ కంటే ముందొచ్చే కంప్యూటర్ సొంత సెట్టింగులు) పవర్ సెట్టింగుల కింద కరెంటు తిరిగొచ్చాక ఏం చేయాలి అనే ఆప్షన్ ఉంటది, దాన్ని ఆన్‌కి మార్చాక ఆ బాధ తీరింది.

తర్వాత కొట్టు ప్రింటర్‌కి కూడా ఇంటి నుంచే పట్టీ ప్రింట్ కొట్టాలన్నాడు. దానికి కొట్టు నెట్‌వర్క్ మొత్తాన్ని గొట్టంలోకి తేవాలి, సబ్‌నెట్ రూటర్ అంటారు. అంతా పెట్టాక ప్రింటర్ దొరకట్లా. ప్రింటర్ నంబర్ 192.168.1.50, పటమటలో ఇంటి వైఫై కూడా 192.168.1 తోనే మొదలవుద్ది, లాప్‌టాప్ ఆ ప్రింటర్ ఇంట్లోనే ఉందనుకుని హాల్లో వెతుకుతుంది. రూటర్లు చాలావరకు ఆ నంబర్లతోనే వస్తాయి కాబట్టి ఈ గొడవ ఎవరికైనా రావచ్చు. ఇంట్లోది కదపకుండా కొట్టు రూటర్‌లోకి పోయి 192.168.37 చేశా, ప్రింటర్‌కి కొత్త నంబర్ ఇచ్చా, అడ్మిన్ పేజీలో కొత్త రూట్ ఒప్పుకున్నా. పొద్దున పోయేసరికి ట్రేలో బావ రాత్రి కొట్టిన టెస్ట్ పేజీలు పదకొండు ఉన్నాయి.

ఇంకో రెండు మిగిలాయి. టెయిల్‌స్కేల్‌లో ప్రతి పరికరం లాగిన్ మామూలుగా 180 రోజులకి గడువు తీరిపోద్ది, కొట్టు కంప్యూటర్‌కి మాత్రం అడ్మిన్ పేజీలో కీ ఎక్స్‌పైరీ ఆపేయండి, లేదంటే సరిగ్గా సీజన్ మధ్యలో ఆగుద్ది. అట్టాగే ఆ అడ్మిన్ పేజీలో ఏయే పరికరాలు ఉన్నాయో అప్పుడప్పుడూ చూస్తా ఉండండి. సంక్రాంతికి పాత గుమాస్తా మానేసి వెళ్ళాడు, రెండు నెలల తర్వాత నేను ఇంకేదో పని మీద ఆ పేజీ తెరిస్తే అతని ఫోన్ పచ్చ చుక్కతో ఇంకా కనపడతానే ఉంది. అతను మంచోడే, పాపం చూసి కూడా ఉండడు. చుక్కలు నొక్కి రిమూవ్ కొట్టేసి, విండోస్ పాస్‌వర్డ్ కూడా మార్పించి, అప్పుడు బావకి ఫోన్ చేశా.